దీపాలు పెట్టాక అనకూడని మాట

నమోదు 1. ఆగస్టు 3

కొత్త నేల చేతికొచ్చిన రోజు నుంచి దాని లెక్క ముగిసేదాకా ఏం చేశామో సొంత చేత్తో రాసిపెట్టాలని మా శాఖ నియమం. ఐదేళ్ళ దాకా ఈ చిట్టా ఎవరూ తెరవకూడదు. ఆ తర్వాత కూడా ఎవరూ తెరవరని ఆఫీసులో అందరికీ తెలుసు. నాకు ముందు ఈ కుర్చీలో ఉన్నాయన తన చిట్టా నిండా వంకాయ నారు ఎలా పొయ్యాలో రాసుకున్నాడట, రిటైరయ్యే రోజు ఆయనే చెప్పి నవ్వాడు.

ఈసారి నేల తుమ్మలమిట్ట. సముద్రం మింగేసిన ఊళ్ళ జనం, పన్నెండు వందల కుటుంబాలు, మూడేళ్ళుగా గుడారాల్లో ఉన్నారు. వాళ్ళకోసం ఇక్కడ పద్నాలుగు అంతస్తుల ఇల్లు పోస్తారు. కట్టడం అన్న మాట పాతబడింది, యంత్రం నలభై రోజుల్లో పోసేస్తుంది. అయితే పొయ్యడానికి ముందు పదోవంతు చట్టం ఉంది. ఆ నేల మీద ఎన్ని ప్రాణాలున్నాయో లెక్కపెట్టాలి. ఇల్లు లేచాక అంతకంటే పదోవంతు ఎక్కువ ఉన్నట్టు చూపించాలి. పెద్ద జీవాలను ముందే బుట్టల్లో పట్టి వేరేచోట వదలాలి, చిన్నవాటికి ఇంటిలోనే చోటు కల్పించాలి. లెక్కపెట్టే పని నాది. కాగితం మీద జీవగణకురాలిని, జనం నోట లెక్కలమ్మని.

గాల్లో ఎగిరే కెమెరాలు చెట్లను తప్ప దేన్నీ చూడటం లేదని, ఆ నేల మీద బతికే పెద్దమనిషి సాక్ష్యం తప్పనిసరి చేశారు. ఇక్కడ ఆ సాక్షి యానాది పోలయ్య తాత. మిట్ట అంచున తాటాకు గుడిసె, ఆయనా, భార్య చెంచమ్మా. నేను వెళ్ళేసరికి చెంచమ్మ దీపం పెడుతోంది. ఎండల వల్ల పొద్దున తొమ్మిదికి పగటి బందు సైరన్ కూస్తే సాయంత్రం ఐదు దాకా బయట పని నేరం. ఆ తొమ్మిదికి ముందున్న చల్లటి పూట బళ్ళన్నీ కూలీలకే. మా సాక్ష్యాలన్నీ అందుకే సందెవేళకు జారిపోయాయి.

చెవిపెట్టెను ఆయన ముందు పెట్టాను. మనిషి చెప్పేది విని, పేర్లు ఏరి, పట్టీలో ఎక్కిస్తుంది. పెట్టె వింటోంది కదా అని, చెంచమ్మ పెట్టిన చేపల పులుసు మీద నేను ధ్యాస పెట్టాను. ఆవిడ పులుసులో మామిడికాయ ముక్కలు వేసింది. ముళ్ళు ఏరుకుంటూ అక్కడొక మాట ఇక్కడొక మాట విన్నాను.

"కుందేళ్ళు ఉండాయి. ముంగిసలు రెండిళ్ళు. తాబేళ్ళు వానల్లో వస్తాయి. ఇంక పురుగులు. చానా ఉండాయమ్మా పురుగులు. నాకెరికైనవే నలభై ఆరు."

పురుగులను పెట్టె ఒక్కొక్కటిగా కాక అవి ఉండే తావులుగా లెక్కేస్తుంది, అలాగే తిరిగి చదివింది. "పురుగులు: నలభై ఆరు తావులు. సరేనా?"

సరే అని ఎడమచేతి వేలిముద్ర వేశాను, కుడిచేతికి పులుసు ఉంది కాబట్టి.

"లెక్కలో ఉండేవాటినన్నిటినీ తీసుకుబొయ్యి వేరే తావులో వదుల్తారు గదా?" అన్నాడు పోలయ్య తాత.

"వదుల్తారు తాతా. చట్టం అందుకే కదా" అన్నాను.

నమోదు 2. ఆగస్టు 21

అనుమతి వచ్చింది. మా అధికారి ఫణీంద్ర గారు సంతకం పెడుతూ మెచ్చుకున్నారు. తుమ్మలమిట్టలో పురుగులే ఎక్కువ కాబట్టి పదోవంతు సులువుగా దాటతాం అన్నారు. కుందేళ్ళకూ ముంగిసలకూ తాబేళ్ళకూ ఒక బుట్టల బండి. పురుగులకు గోడ. ఇంటికి తూర్పువైపు మట్టి ఇటుకలతో, బెజ్జాలతో, నిలువెత్తు గోడ లేపితే తేనెటీగలు, కందిరీగలు, పేడపురుగులు వచ్చి చేరతాయి. జిల్లాలో కొత్తగా పోసిన ప్రతి ఇంటికీ అలాంటి గోడ ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

ఆ కబురు గుడారాల్లో చెప్పడానికి వెళ్ళాను. మస్తానమ్మ అనే ఆవిడ అక్కడి ఆడవాళ్ళందరికీ పెద్ద. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, గుడ్డలో చుట్టిన ఇత్తడి గడియ చూపించింది.

"ఇల్లు మునిగేటప్పుడు ఒకరు బియ్యం మోసుకొచ్చిరి, ఒకరు బంగారం తెచ్చుకొనిరి. నేను మాత్రం తలుపు గడియ పీక్కొచ్చా. మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. మూడేళ్ళైంది మేయ్, లోపల గడియేసుకొని పడుకోని."

కొత్త ఇళ్ళ తలుపులు వేలిముద్రతో తెరుచుకుంటాయని, గడియ అక్కర్లేదని చెప్పబోయి మానుకున్నాను.

నమోదు 3. సెప్టెంబర్ 8

గోడ పనివాడు ఫోన్ చేశాడు. "అమ్మా, బెజ్జాలు ఏ సైజు పెట్టాల? ఏం పురుగులో రాయలేదు మీరు." నిజమే, పట్టీలో పురుగులు అని ఊరుకున్నాం. చెవిపెట్టె తీసి ఆ రోజు సాక్ష్యం మొదటిసారి పూర్తిగా విన్నాను. ఈసారి పులుసు లేదు.

"పెద్ద పుట్టకాడ ఉండే పురుగు మా నాయన కాలం నాటిది. బారెడుంటాది. అలికిడైతే లేచి నిలబడి చూస్తాది గానీ, ఇంతవరకు ఎవుర్నీ ఏమన్లా."

బారెడు పురుగు, లేచి నిలబడే పురుగు. మొదట నవ్వొచ్చింది. ఆ వెంటనే పెట్టె ఆపి, ఆ మాట మళ్ళీ విన్నాను.

మా వైపు దీపాలు పెట్టాక పాము పేరు ఎత్తరు. ఎత్తితే పిలిచినట్టే, వస్తుందని నమ్మకం. పురుగు అంటారు. ఆ సంగతి తెలియని ఊరి నుంచి వచ్చినదాన్ని కాదు నేను. చిన్నప్పుడు మా పిన్నికి పురుగు ముట్టిందని ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే, అది చీమ అనుకోలేదు కదా. పద్దెనిమిదేళ్ళు ఆఫీసు భాష మాట్లాడీ మాట్లాడీ ఆ మాట నా చెవికి ఉత్త పురుగైపోయింది. పెట్టెకు బుద్ధి లేదు సరే, నాకేమైంది?

నలభై ఆరు పాములు. వాటికోసం తేనెటీగల గోడ లేపుతున్నాం. చదును యంత్రం ఈ నెల పదిహేడున వస్తుంది. తొమ్మిది రోజులుంది.

నమోదు 4. సెప్టెంబర్ 9

జిల్లా పట్టీ మొత్తం తెరిచి కూర్చున్నాను. ఏడేళ్ళలో రెండు వందల పదకొండు నేలలు. అన్ని సాక్ష్యాలూ దీపాలవేళ తీసుకున్నవే. పాముల గడిలో పై నుంచి కిందదాకా సున్నాలు. పురుగుల గడిలో వేలు. రెండు వందల పదకొండు గోడలు ముచ్చటగా లేపి, ప్రతి చోటా పదోవంతు పెంచామని బోర్డులు పెట్టాం. మా ఆఫీసులో మిగిలిన పాము ఒక్క ఫణీంద్ర గారి పేరులోనే ఉంది.

ఆయన దగ్గరికి వెళ్ళి, ఒకవేళ లెక్కలో తప్పు దొర్లితే ఏం చెయ్యాలని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి నావంక చూశారు. ఎక్కడ తప్పు, ఏం తప్పు అని అడగలేదు.

"పునాదికి ముందు సవరణ పెడితే ఏడాది పని ఆగుతుంది కస్తూరీ. అన్ని కాలాల్లోనూ మళ్ళీ లెక్కపెట్టాలి కాబట్టి. అక్టోబర్ దాటితే తుఫాన్లు. గుడారాల్లో ఎంతమంది ఉన్నారో నీకే బాగా తెలుసు. పెడతానంటే ఆపను, నీ ఇష్టం."

నీ ఇష్టం అన్నప్పుడు అంత కోపం ఎప్పుడూ రాలేదు నాకు.

నమోదు 5. సెప్టెంబర్ 12

సవరణ పత్రం రాసి బల్ల సొరుగులో పెట్టాను. మూడు రోజులుగా అక్కడే ఉంది.

ఇవాళ గుడారాల వైపు వెళ్ళాను. పోయినేడు గాలివానకు ఎగిరిపోయిన గుడారాల గుంజలు ఇంకా అలాగే ఉన్నాయి. మస్తానమ్మ సామాను మూటలు కట్టేసింది. ఏడాది ఆగాలని ఈవిడకు ఎవరు చెప్పాలి? నేనే కదా. నలభై ఆరు పాములకోసం అని చెబితే ఏమంటుంది? గడియ నా నెత్తిన పెట్టి కొడుతుంది, కొట్టినా తప్పులేదు.

పత్రం పంపను. ఈ నిర్ణయానికి నేనే బాధ్యురాలిని, ఐదేళ్ళ తర్వాత ఎవరైనా చదివితే ఫణీంద్ర గారిని అనకండి.

నమోదు 6. సెప్టెంబర్ 14

హద్దు జెండాలు పాతడానికి సాయంత్రం మిట్టకు వెళ్ళాను. పోలయ్య తాత వెంటే ఉండి మేకులు అందించాడు. ఎక్కడ కాలు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చూపిస్తూ నడిచాడు. పెద్ద పుట్ట దగ్గర ఆగాడు.

"బుట్టలోళ్ళు ఎప్పుడొస్తారమ్మా? ఈ పుట్టలోదానికి బుట్ట సాలదు. మూతి వెడల్పు కుండ తెమ్మని చెప్పు. దానికి పొగ పెట్టొద్దని కూడా చెప్పు, ముసలిది."

గొంతుదాకా వచ్చింది. తాతా, నువ్వు పురుగంటే నేను పురుగనే రాశాను, నీ పాముల కోసం బండి రాదు, ఏదో ఒకటి చెయ్యి. ఇంతే కదా. ఆయన ఎవరికి చెబుతాడు? ఏ పత్రమూ అక్కర్లేదు, ఏ పనీ ఆగదు. అయినా చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆయన నవ్వుతాడు. ఈ ప్రాంతంలో పుట్టి, పురుగంటే తెలియని ఆఫీసరమ్మ అని రాత్రికి చెంచమ్మతో చెప్పి నవ్వుకుంటాడు. రాస్తుంటే ఎంత అల్పంగా కనిపిస్తోందో, అప్పుడు మాత్రం కొండంతగా అనిపించింది.

"చెప్తాను తాతా" అని వచ్చేశాను.

నమోదు 7. సెప్టెంబర్ 17

తెల్లవారుజామున ఐదింటికే చదును యంత్రం వచ్చింది, తొమ్మిదిలోపు ముగించాలని. కుందేళ్ళ బండి నిన్ననే వచ్చి వెళ్ళింది. పోలయ్య తాతా చెంచమ్మా మిట్ట అంచున నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కన ఒక కుండ, మూతికి కట్టడానికి పాత చీర ముక్క. కుండ తీసుకురావడం మేం మరిచిపోతామేమోనని ఆయనే తెచ్చాడు.

"పుట్టలకాడికి బుట్టలోళ్ళు రాలేదేందమ్మా?"

"వస్తారు తాతా" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. దారిలో ఎదురైనవాళ్ళను బాగున్నావా అని అడిగినంత తేలిగ్గా వచ్చింది. ఆయన నమ్మి, కుండ పక్కనే గొంతుక్కూర్చున్నాడు. యంత్రం పడమటి వైపు నుంచి మొదలై సగం మిట్ట తినేదాకా అలాగే రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు లేచాడు. నావైపు చూడలేదు. కుండ చంకన పెట్టుకుని పుట్ట వైపు పరుగెత్తాడు. వెనకాలే చెంచమ్మ, కొంగు నడుముకు చుట్టి. కాపలావాళ్ళు పట్టుకుని లాగేసేలోపు ఇద్దరూ ఒట్టి చేతులతో నాలుగింటిని పట్టారు. పుట్టలోది ఆ నాలుగింటిలో లేదు.

ఎనిమిదిన్నరకు నేల చదునైంది. ఎర్రగా, నున్నగా, పేడతో అలికినట్టుంది. సైరన్‌కు అరగంట ముందే పని ముగిసిందని యంత్రం నడిపేవాడు నాకు టీ ఇచ్చాడు, తాగాను.

నమోదు 8. నవంబర్ 19

తుఫాను దాటింది. మూడు రోజులు. గుడారాలుండే చోట ఇప్పుడు నడుంలోతు నీళ్ళు, గుంజలు కూడా లేవు. పన్నెండు వందల కుటుంబాలూ కొత్త ఇంట్లో ఉన్నాయి. ఒక్క మనిషి పోలేదు.

మస్తానమ్మ ఏడో అంతస్తులో ఉంది. వేలిముద్ర తలుపుకు లోపల ఇత్తడి గడియ బిగించుకుంది. "నీ చలవే తల్లీ" అని నా బుగ్గలు నిమిరింది. ఆ పత్రం సొరుగులో ఉంచినందుకు నేను పశ్చాత్తాపపడటం లేదు. మళ్ళీ అడిగినా అదే చేస్తాను. కానీ ఆ నిర్ణయం వెనక్కి చేరి నేను దాచుకున్నది వేరే ఉంది. ఇంటికీ పాములకూ మధ్య ఒకటే ఎంచుకోమని నన్నెవరూ అడగలేదు. నాకు నేనే అలా చెప్పుకున్నాను.

నమోదు 9. ఫిబ్రవరి 6

ఎలుకలు.

డిసెంబర్‌లో కింది అంతస్తులో మొదలయ్యాయన్నారు. ఇప్పుడు తొమ్మిదోదాకా ఉన్నాయి. బియ్యం డబ్బాల మూతలు కొరికేస్తున్నాయి. పడుకున్నవాళ్ళ మడమలు కొరుకుతున్నాయి. ఎక్కడ కాపురం పెట్టాయో వెతికితే, తూర్పు గోడలో. మేం లేపిన పురుగుల గోడలో. ఇటుకల బెజ్జాలు తొలిచి పెద్దవి చేసుకుని, లోపల గదులు గదులుగా మలుచుకున్నాయి. ఆ గోడ పనివాడు అడిగిన సైజు ఇన్నాళ్ళకు ఎలుకలే నిర్ణయించాయి.

మస్తానమ్మకు ఎలుకజ్వరం. ఆస్పత్రిలో చూసి వచ్చాను. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి, ప్రాణానికి ఫరవాలేదన్నారు. "గడియేసుకుంటానే ఉండా, యాడ నించి వస్తాండాయో" అంది. నేను కమలాపండు ఒలిచి చేతిలో పెట్టాను.

ఆస్పత్రి నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్ళి సొరుగులోని పత్రం తీసి తేదీ మార్చి పంపాను. రెండు వందల పదకొండు నేలల సంగతీ రాశాను. ఫణీంద్ర గారు చదివి, మంచి పని చేశావన్నారు. ఇకమీదట పగటి బందులో కూడా సాక్ష్యం తీసుకోవడానికి చల్లటి గది ఏర్పాటు చేస్తారట. ఇంత చిన్న పనా అనిపించింది.

నమోదు 10. మార్చి 17

ఆరు నెలల మలిలెక్క. అదే సాక్షి, అదే వేళ అని నియమం. చల్లటి గదులింకా రాలేదు.

పోలయ్య తాత గుడిసె ఇప్పుడు ఇంటి నీడలో ఉంది. కాగితాల ప్రకారం తుమ్మలమిట్టలో ప్రాణం పదోవంతు కాదు, అయిదోవంతు పెరిగింది. గోడలో ఎలుకలు కూడా ప్రాణులే కదా, ఆఫీసులో ముందే వాటినీ కలిపేశారు. గేటు దగ్గర బోర్డు పెట్టారు. చెంచమ్మ నన్ను చూసి చాప వేసింది. తింటావా అని అడగలేదు.

పెట్టె నొక్కకముందే చెప్పేశాను. ఆయన పురుగన్నది, నేను పురుగని రాసుకున్నది, సెప్టెంబర్ ఎనిమిదినే తెలిసినది, బుట్టలవాళ్ళు వస్తారన్న అబద్ధం. ఏదీ మిగల్చలేదు. నవ్వుతాడనే కదా భయపడ్డాను. నవ్వితే బాగుండునని చూశాను. నవ్వలేదు.

వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"ఎనిమిదో తేదీ. పదిహేడు. అంటే తొమ్మిది దినాలు." చెంచమ్మ వైపు తిరిగాడు. "తొమ్మిది దినాలంటమే. మనకు మూడు సాలు గదా?"

"రెండే సాలు" అంది చెంచమ్మ, దీపం వత్తి సరిచేస్తూ. "కుండలుండాయి మనకాడ."

"ఒక్క మాట అంటే పొయ్యేది గదమ్మా" అన్నాడు నాతో. గొంతులో కోపం లేదు. ఉంటే దానికి జవాబిచ్చేదాన్ని. "ఇల్లు ఆపమని ఎవురడిగిరి? మాకూ తెలుసు, ఆళ్ళు నీళ్ళలో ఉండారని. నేనూ ఇదీ పట్టుకొనిబొయ్యి వాగవతల వదిలేసుండేవోళ్ళం. నీ పేరుగూడా ఎత్తేవోళ్ళం గాదు."

నేను తల దించుకుని పెట్టె నొక్కాను. నియమం ప్రకారం ఒక్కొక్కటే అడిగాను. కుందేళ్ళు? లేవు. ముంగిసలు? పోయినాయి. తాబేళ్ళు? వానల్లో చూడాల.

"పురుగులు?" అన్నాను. ఈసారి ఏమడుగుతున్నానో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

దీపం వెలుగుతోంది. ఆయన గుడిసె గుమ్మంలోంచి బయటికొచ్చి, ఒకప్పుడు పుట్ట ఉన్న వైపు, ఇప్పుడు గోడ ఉన్న వైపు, ముఖం పెట్టి నిలబడ్డాడు.

"పాము" అన్నాడు.

చెంచమ్మ చటుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డెబ్బై ఏళ్ళలో ఆయన దీపాలు పెట్టాక ఆ మాట అని ఉండడు. చదువుకున్నదాన్ని, అయినా కాళ్ళు చాప మీదికి లాక్కున్నాను.

"పాము!" ఈసారి గట్టిగా. ఊళ్ళో తప్పిపోయిన మనిషిని కేకేసినట్టు. మూడోసారి అన్నప్పుడు గొంతు జీరబోయింది. తర్వాత అలాగే నిలబడి చూశాడు. మేమిద్దరమూ చూశాం. ఏడో అంతస్తులో ఎవరో తలుపు గడియ వేసుకున్న చప్పుడు వినిపించింది. గోడలో ఎలుకలు కీచుమన్నాయి. గడ్డి కూడా కదల్లేదు.

చాలాసేపటికి ఆయన లోపలికొచ్చి కూర్చున్నాడు. చెంచమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

చెవిపెట్టె తన పని తను చేసుకుపోయింది, మూడు కేకలనూ మూడుగా లెక్కేసి. "పాములు: మూడు తావులు. సరేనా?"

ఏడేళ్ళలో, రెండు వందల పదకొండు నేలల్లో, ఈ జిల్లా పట్టీలోకి పాము ఎక్కడం అదే మొదటిసారి. వేలిముద్ర వేస్తే ఉన్నట్టే లెక్క. నేను మూడు కొట్టేసి సున్నా పెట్టాను. సాక్షి మాటకూ గణకురాలి అంకెకూ తేడా ఉంది, కారణం రాయండి అని అడిగింది పెట్టె.

పిలిచాడు, రాలేదు అని రాశాను.